ఎర్రగుడి రాతిమీద ఒప్పుకోలు, కళింగలో మౌనం

కర్నూలు జిల్లాలో గుత్తి నుంచి పత్తికొండ వెళ్లే దారి పక్కన, ఎర్రగుడి ఊరికి దగ్గర్లో ఒక గుండ్రాళ్ల గుట్ట ఉంది. తొలకరి వానలు పడితే ఈ చుట్టుపక్కల తుగ్గలి, జొన్నగిరి పొలాల్లో జనం వజ్రాల కోసం తల వంచుకుని తిరుగుతారు. జొన్నగిరి నేలలో బంగారమూ ఉంది. మౌర్యుల కాలంలో దక్షిణ ప్రాంతానికి ముఖ్యపట్టణమైన సువర్ణగిరి ఈ జొన్నగిరేనని కొందరు చరిత్రకారులు అంటారు. మస్కీ, కనకగిరి వైపు చూపేవారూ ఉన్నారు. ఆ తగవు ఇక్కడ తేల్చనక్కర్లేదు. మనకు కావలసింది ఆ గుట్ట రాళ్ల మీద బ్రాహ్మీ లిపిలో, ప్రాకృత భాషలో చెక్కి ఉన్న మాటలు. 1920ల చివర ఒక భూగర్భ శాస్త్రజ్ఞుడి కంట పడేదాకా వాటిని చదివినవారు లేరు.

అశోకుడి శిలాశాసనాలు రెండు తరగతులు. పద్నాలుగు ప్రధాన శిలాశాసనాలు ఒక వరుస. లఘు శిలాశాసనాలు ఇంకో వరుస. సాధారణంగా ఒక చోట ఒక వరుసే కనిపిస్తుంది. మస్కీ, బ్రహ్మగిరి, రాజుల మందగిరి వంటి దక్షిణాది చోట్ల లఘు శాసనాలే ఉన్నాయి. ఎర్రగుడిలో రెండు వరుసలూ ఉన్నాయి. అందువల్ల ఒక రాజు ప్రజలకు ఏ నీతి చెప్పాడో, తన గురించి తాను ఏం ఒప్పుకున్నాడో ఒకే గుట్ట మీద పక్కపక్కన పెట్టి చదవగలుగుతున్నాం.

ముందు నీతి సంగతి. ఎర్రగుడి లఘు శాసనం రాత తీరే వింతగా ఉంటుంది. బ్రాహ్మీని ఎడమ నుంచి కుడికి రాస్తారు కదా, ఇక్కడ కొన్ని వరుసలు కుడి నుంచి ఎడమకు నడుస్తాయి. చాలు చివర ఎద్దులు మళ్లినట్టు అక్షరాలు మళ్లుతాయి. చెక్కినవాడికి రెండు పద్ధతులూ తెలిసి ఉండాలి. బ్రహ్మగిరి శాసనం రాసిన చపడుడు తన వృత్తి పేరును వాయవ్యదేశపు ఖరోష్ఠీ లిపిలో పెట్టుకున్నాడు. ఆ లిపి కుడి నుంచి ఎడమకే నడుస్తుంది. ఉత్తరాదినుంచి వచ్చిన లేఖకులు ఈ కొండల్లో పనిచేశారనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

ఆ శాసనంలో ఉన్న ఆజ్ఞ చిన్నది. తల్లిదండ్రుల మాట వినాలి. పెద్దలను గౌరవించాలి. ప్రాణుల పట్ల దయ చూపాలి. సత్యం పలకాలి. ఇవి ధర్మగుణాలు, వీటిని నడిపించాలి. ఇంతవరకు మన అవ్వలు చెప్పే బుద్ధులకు భిన్నంగా ఏమీ లేదు. ఆ మాట జనానికి చేరవలసిన దారి మాత్రం ఆసక్తికరంగా ఉంది. శాసనాల్లో దేవానాంపియుడనే బిరుదుతో కనిపించే అశోకుడు తన పై అధికారులైన మహామాత్రులకు చెబుతాడు. వారు రజ్జుకుడికి చెప్పాలి. రజ్జుకుడు గ్రామీణ పాలన, న్యాయం చూసే అధికారి. అతడు జనపదంలోని ప్రజలకూ, స్థానిక అధికారులైన రాష్ట్రికులకూ దండోరా వేయించి చెప్పాలి. ఏనుగుల మీద స్వారీ చేసేవాళ్లు, రాతకోతలవాళ్లు, రథాలు నడపడం నేర్పేవాళ్లు, బ్రాహ్మణులు తమ శిష్యులకు పూర్వాచారం ప్రకారం ఇదే నేర్పాలి. నీతి ఇక్కడ అడవిలో గురువు చెవిలో చెప్పే రహస్యం కాదు. శిస్తు వసూలు నడిచే కాలువలోనే అదీ పారింది.

ఈ నేలమీద అప్పుడు జనం మాట్లాడిన భాష ప్రాకృతం కాదు. వాయవ్యాన అశోకుడు ఖరోష్ఠీ లిపినీ, కాందహార్ వైపు గ్రీకు, అరమాయిక్ భాషలనూ వాడాడు. దక్షిణాన మాత్రం ప్రాకృతంతోనే సరిపెట్టాడు. ఇక్కడి భాషలు ఇంకా రాతకు ఎక్కకపోవడం ఒక కారణం కావచ్చు. కాబట్టి ఎర్రగుడి రైతుకు సత్యం పలకమన్న ఆజ్ఞ చేరి ఉంటే, అది రాతి మీదనుంచి చేరి ఉండదు. డప్పు కొట్టినవాడి నోటినుంచి, రజ్జుకుడి మనిషి తనకు తోచినట్టు మార్చి చెప్పిన మాటలోనుంచి చేరి ఉంటుంది. రాతిమీద ఉన్నదానికీ చెవిలో పడినదానికీ ఎంత తేడా ఉందో కొలవడానికి మనకు సాధనం లేదు.

ఆజ్ఞాపిస్తే మనుషులు సత్యవంతులవుతారా అన్న ప్రశ్న మనకు రాకముందే అశోకుడికి వచ్చింది. పట్టాభిషేకమైన ఇరవై ఏడో ఏట వేయించిన ఏడో స్తంభశాసనంలో తన పాలన లెక్క తానే చూసుకున్నాడు. ధర్మం రెండు విధాల పెరుగుతుందట: నియమాల వల్ల, మనసుకు నచ్చజెప్పడం వల్ల. నియమాలతో అయ్యేది కొద్దే, నచ్చజెప్పడంతోనే ఎక్కువ అని తేల్చాడు. ఫలానా జంతువులను చంపకూడదని తాను నియమాలు పెట్టానని కూడా అక్కడే చెప్పుకున్నాడు. చట్టాలు చేసే పాలకుడు చట్టానికి ఉన్న శక్తి తక్కువని రాయించి నిలబెట్టడం ప్రాచీన చరిత్రలో చాలా అరుదు. ఆ స్తంభాన్ని పద్నాలుగో శతాబ్దంలో ఫిరోజ్ షా తుగ్లక్ తోప్రా నుంచి ఢిల్లీకి తరలించాడు. అప్పుడు దాని మీది అక్షరాలు చదవగలవాడు ఆయన కొలువులో ఎవరూ లేరు.

మూడో స్తంభశాసనంలో ఇంకొక పరిశీలన ఉంది. మనిషి తాను చేసిన మంచి చూసుకుంటాడు, నేనీ మంచి చేశానని అనుకుంటాడు. చేసిన పాపం మాత్రం అతడికి కనపడదు. దాన్ని చూడటం కష్టం, అయినా చూడాలి. క్రూరత్వం, కోపం, గర్వం, అసూయ మనిషిని ఎటు లాక్కుపోతాయో గమనించుకోవాలి. తత్త్వగ్రంథాల్లో ఇలాంటి మాటలు కావలసినన్ని దొరుకుతాయి. ఈ మాటలు చెప్పినవాడు ఎవరన్నదే ఇక్కడ ముఖ్యం. తన పాపం తాను చూసుకోవడం అంటే ఏమిటో ఆయనకు స్వానుభవం.

ఎర్రగుడి గుట్టమీద ఉన్న రెండో వరుసలోకి ఇప్పుడు వెళ్దాం. అందులో పదమూడో శాసనం కళింగ గురించి. అశోకుడు క్రీ.పూ. 268 ప్రాంతంలో పట్టాభిషిక్తుడయ్యాడు. ఎనిమిదేళ్లు గడిచాక కళింగను జయించాడు. లక్షన్నర మందిని అక్కడినుంచి పట్టుకుపోయారు. లక్ష మందిని చంపారు. దానికి ఎన్నో రెట్లు జనం చనిపోయారు. ఈ అంకెలు గుండుగుత్తవే, లెక్కగట్టి రాసినవి కావు. చనిపోయినవారిని రెండు పద్దులుగా వేయడం మాత్రం గమనించదగ్గది. కత్తికి చచ్చినవారు ఒక పద్దు. తర్వాత ఆకలితోనో, రోగంతోనో, దిక్కులేకో పోయినవారు ఇంకో పద్దు, అదే పెద్దది. యుద్ధాల్లో చావును ఇలా లెక్కపెట్టడం మన కాలానికి కూడా సులువుగా అలవడలేదు.

ఆ తర్వాతి వాక్యాలు ఇంకా సూక్ష్మమైనవి. ఆ దేశంలో బ్రాహ్మణులు, శ్రమణులు, ఇతర మార్గాలవారు, తల్లిదండ్రులను పెద్దలను సేవించే గృహస్థులు ఉన్నారు. వారికి దెబ్బ, చావు, ఆప్తులతో ఎడబాటు కలిగాయి. తమకు ఏమీ కాకుండా బయటపడినవారికి కూడా మిత్రులు, బంధువులు, సేవకులు పడ్డ కష్టమే దెబ్బగా తగిలింది. ఎర్రగుడి లఘు శాసనం ప్రజలకు బోధించే గుణాలకూ, కళింగలో చచ్చినవారికి ఉన్నాయని ఈ శాసనం చెప్పే గుణాలకూ పెద్ద తేడా లేదు. తల్లిదండ్రులను సేవించడం, పెద్దలను గౌరవించడం, సాటివారితో సక్రమంగా మెలగడం. తాను దండోరా వేసి నేర్పదలచిన ధర్మాన్ని అప్పటికే పాటిస్తున్న జనాన్నే తాను చంపించానని రాజు ఒప్పుకుంటున్నాడు. ఈ రెండు శాసనాలనూ పక్కపక్కన పెట్టకపోతే ఇది తట్టదు. నా దృష్టిలో ఎర్రగుడి విలువ ప్రధానంగా ఇందులోనే ఉంది.

ఈ కళింగ కథ మనకు ఇంకెక్కడా దొరకదు. సింహళంలో రాసిన దీపవంశం, మహావంశం, ఉత్తరాదిన పుట్టిన అశోకావదానం అశోకుడి గురించి ఎంతో చెబుతాయి. తొంభైతొమ్మిది మంది అన్నదమ్ములను చంపాడంటాయి, చండాశోకుడంటాయి, నరకంలాంటి చెరసాల కట్టించాడంటాయి. ఆయన మనసు మారడానికి నిగ్రోధుడి వంటి భిక్షువులను కారణంగా చూపుతాయి. కళింగ యుద్ధం ఊసే ఎత్తవు. ఆయన క్రూరత్వాన్ని దాచాలని కాదు, లేని క్రూరత్వాన్ని కూడా కల్పించి చెప్పాయి మరి. అయిదో శిలాశాసనంలో అశోకుడు తన అన్నదమ్ముల అంతఃపురాల సంగతి మామూలుగా ప్రస్తావించాడంటే, తొంభైతొమ్మిది హత్యల కథను ఎంతవరకు నమ్మాలో తెలుస్తుంది. పురాణకర్తలకు ఒక దుష్టుడు సాధువు కావడం కావాలి. దానికి ఇంటిలోని హత్యలు చాలు. దూరదేశంలో చచ్చిన అనామకులు వారి కథకు పనికిరాలేదు.

అంటే కళింగలో జరిగిన వధకు ఉన్న ఏకైక సాక్షి ఆ వధ చేయించినవాడే. ఆయన రాయించకపోతే ఆ లక్ష మంది చావు చరిత్రలో ఉండేది కాదు. చరిత్రకారుడికి ఇది ఇబ్బంది కలిగించే సంగతి. దోషి వాఙ్మూలం తప్ప మరో ఆధారం లేని కేసు ఇది. వాఙ్మూలం తనకే వ్యతిరేకంగా ఉంది కాబట్టి నమ్మదగినదే అనుకుంటాం. అది ఎక్కడ ఆగిపోయిందో కూడా చూడాలి కదా. పట్టుకుపోయిన లక్షన్నర మందిని తిరిగి పంపినట్టు ఏ శాసనంలోనూ లేదు. కళింగను వదిలేసినట్టూ లేదు. అదే శాసనంలో అడవిజాతులకు ఒక హెచ్చరిక ఉంది: పశ్చాత్తాపంలో ఉన్నా దేవానాంపియుడికి బలం ఉంది, సిగ్గుపడి బుద్ధిగా ఉంటే చావు తప్పుతుంది అని. పశ్చాత్తాపం నిజం, ఖడ్గం ఒరలోనే ఉండటం కూడా నిజం. ఈ రెండింటిలో ఒకదాన్ని వదిలేసి ఆయనను మహాత్ముడిగానో కపటిగానో చూపించిన పుస్తకాలు చాలానే వచ్చాయి. శాసనాన్ని మొత్తం చదివితే ఆ రెండు బొమ్మలూ నిలవవు.

అన్నిటికన్నా చిక్కు ప్రశ్న ఇంకొకటి ఉంది. ఒడిశాలో భువనేశ్వర్ దగ్గర దయా నది పక్కన ధౌలి, గంజాం జిల్లాలో ఋషికుల్య ఒడ్డున జౌగడ ఉన్నాయి. రెండూ ప్రాచీన కళింగలోవే. రెండు చోట్లా అశోకుడి ప్రధాన శిలాశాసనాలున్నాయి. పదకొండు, పన్నెండు, పదమూడు మాత్రం లేవు. వాటి స్థానంలో కళింగ కోసం ప్రత్యేకంగా రాసిన రెండు శాసనాలు ఉన్నాయి. వాయవ్యాన షాబాజ్‌గఢీలో ఉన్నవాళ్లకు, గుజరాత్‌లో గిర్నార్ వాళ్లకు, రాయలసీమలో ఎర్రగుడి వాళ్లకు చెప్పిన కళింగ పశ్చాత్తాపాన్ని కళింగ వాళ్లకు చెప్పలేదు.

ఆ ప్రత్యేక శాసనాల్లో ఏముంది? తోసలి, సమాపలలోని అధికారులను ఉద్దేశించి రాసినవి అవి. మనుషులందరూ నా బిడ్డలు, నా బిడ్డలకు ఇహపరాల్లో ఏ సుఖం కోరుతానో అందరికీ అదే కోరుతాను అంటాడు. కారణం లేకుండా ఎవరినీ చెరలో పెట్టవద్దంటాడు. న్యాయం చూసే అధికారి తప్పుదారి పట్టడానికి అసూయ, కోపం, కాఠిన్యం, తొందర, బద్ధకం, అలసట కారణాలని లెక్కబెడతాడు. అలసటను కూడా నైతిక దోషాల్లో చేర్చడం నాకు నచ్చింది. పని ఎక్కువైన తీర్పరి చేసే అన్యాయం దురుద్దేశంతో చేసిన అన్యాయమంత గాయమే చేస్తుందని ఆయనకు తెలుసు. రాజ్యం సరిహద్దుల వెలుపలివారు తనకు భయపడవద్దనీ, క్షమించదగినదాన్ని తాను క్షమిస్తాననీ అంటాడు. క్షమించదగినది ఏదో తేల్చేది మాత్రం రాజే. ఈ శాసనాలను తిష్య నక్షత్రం వచ్చిన రోజుల్లో చదివి వినిపించాలి, వినేవాడు ఒక్కడే ఉన్నా వినిపించాలి. అంత శ్రద్ధగా వినిపించమన్నదాంట్లో లక్ష మంది చావు గురించి ఒక్క ముక్క లేదు.

దీనికి పండితులు చెప్పే సమాధానాలు స్థూలంగా రెండు. పుండు మీద కారం చల్లినట్టవుతుందని సున్నితంగా వదిలేశాడనేది ఒకటి. కొత్తగా గెలిచిన దేశంలో తిరుగుబాటు లేవకుండా చూసుకున్నాడనేది మరొకటి. కళింగకే ప్రత్యేకం అనుకున్న ఈ పద్ధతి మీద 1980ల చివర కొత్త ఆధారం దొరికింది. ఇవాళ్టి కలబురగి జిల్లాలో భీమా నది ఒడ్డున సన్నతి ఉంది. అక్కడి చంద్రలాంబ ఆలయ ప్రాంగణంలో కాళి గుడి కప్పు కూలింది. పీఠంగా వాడిన రాతి పలక బయటపడింది. దాని మీద పన్నెండు, పద్నాలుగు శాసనాలతో పాటు కళింగవనుకున్న ప్రత్యేక శాసనాలు రెండూ ఉన్నాయి. పన్నెండు తర్వాత పద్నాలుగు వచ్చింది, పదమూడు లేదు. భీమా తీరం కళింగ కాదు. అయితే అక్కడ ఎందుకు దాచాడు? అదీ బలవంతంగా కలుపుకున్న ప్రాంతమేనా, లేక సువర్ణగిరి కార్యాలయంలో ఒక మూట బదులు మరో మూట వెళ్లిందా? ఈ రెండో మాటను తేలిగ్గా కొట్టిపారేయలేం. రాజాజ్ఞల చరిత్రలో దఫ్తరు పొరపాట్ల వాటా ఎప్పుడూ పెద్దదే.

అశోకుడికి ఆ సంగతి తెలుసు. పద్నాలుగో శాసనం ఈ వరుస మొత్తానికి ముగింపు మాట లాంటిది. ఈ ధర్మలిపిలో కొన్ని సంక్షిప్తంగా, కొన్ని మధ్యమంగా, కొన్ని విస్తారంగా ఉన్నాయంటాడు. అన్నీ అన్నిచోట్లా కుదరవంటాడు. తన రాజ్యం పెద్దది, చాలా రాయించాను, ఇంకా రాయిస్తానంటాడు. మాధుర్యం కోసం కొన్ని మాటలు మళ్లీ మళ్లీ చెప్పానంటాడు. కొన్ని చోట్ల అసంపూర్ణంగా ఉంటే స్థలాన్ని బట్టి అయినా, ఏదో కారణం ఆలోచించి అయినా, లేఖకుడి తప్పు వల్ల అయినా కావచ్చునంటాడు. ధౌలి, జౌగడలలో కూడా ఈ పద్నాలుగో శాసనం ఉంది. పదమూడు లేని చోటే ఆ లోపానికి సంజాయిషీ ఉన్నదన్నమాట. చదివినవాడికి ఏదో వదిలేశారని తెలుస్తుంది, ఏం వదిలేశారో తెలియదు.

నా అభిప్రాయం ఇది. అశోకుడు అబద్ధం ఆడలేదు. ఎక్కడా కళింగ యుద్ధం జరగలేదనలేదు, ధర్మయుద్ధమనలేదు, శత్రువుల మీద నెపం వేయలేదు. మొదటి శాసనంలో వంటశాల గురించి చెప్పిన తీరు ఆయన స్వభావాన్ని పట్టిస్తుంది. ఇదివరకు కూర కోసం రోజూ లక్షల ప్రాణులను చంపేవారు, ఇప్పుడు రెండు నెమళ్లు, ఒక జింక, ఆ జింక కూడా రోజూ కాదు, ముందు ముందు ఇవీ ఉండవు అన్నాడు. పూర్తిగా మానేశానని గొప్పగా చెప్పుకుంటే అడిగేవాడు లేడు. ఉన్నది ఉన్నట్టు, ఇంకా మిగిలిన రెండు నెమళ్లతో సహా చెప్పాడు. అటువంటి మనిషి కళింగలో నోరు మెదపలేదంటే, సత్యం చెప్పడం వేరు, బాధితుడి ఎదుట నిలబడి చెప్పడం వేరు అని ఒప్పుకోవాలి. మొదటిదానికి నిజాయితీ చాలు. రెండోదానికి జవాబుదారీ కావాలి. విన్నవాడు తిరిగి అడిగే ప్రశ్నకు సమాధానం సిద్ధంగా ఉండాలి. మా మనుషులు ఎక్కడ, ఎప్పుడు పంపుతావు అని తోసలిలో అడిగేవారు ఉండేవారు. ఎర్రగుడిలో ఎవరు అడుగుతారు?

పాలకులు తప్పు ఒప్పుకునే తీరులో ఇది ఆ తర్వాత కూడా కనిపిస్తుంది. ఒప్పుకోలు దూరంగా ఉన్న శ్రోతల ముందు ధారాళంగా సాగుతుంది, నష్టపోయినవారి ముంగిట సంక్షేమ పథకాల భాష మాట్లాడుతుంది. అశోకుణ్ణి దీనికి ఆద్యుడని నిందించను. ఆయన కాలపు రాజులు, ఆ తర్వాతి రాజులు చంపినవారి సంఖ్యను బిరుదులకు వాడుకున్నారు గాని బాధగా చెప్పుకోలేదు. ఆ పోలికలో ఆయన ఎంతో ఎత్తులోనే ఉంటాడు. ఎత్తులో ఉన్నవాడి కొలత కూడా సరిగ్గానే తీయాలి గనుక ఈ ప్రశ్న అడుగుతున్నాను.

ఈ విషయంలో తెలుగువారి స్థితి కొంచెం చిత్రమైనది. పదమూడో శాసనం తన ఏలుబడిలోని జనాల పేర్లు చెబుతూ పుళిందులతో కలిపి ఆంధ్రులను కూడా పేర్కొంటుంది. ఆంధ్రుల పేరు రాతికెక్కిన తొలి సందర్భాల్లో ఇదొకటి, అందుకే మన చరిత్ర పుస్తకాలు దీన్ని గర్వంగా చెప్పుకుంటాయి. ఆ పేరు కళింగ మృతుల లెక్క ఉన్న శాసనంలోనే ఉందని చెప్పడం మాత్రం తరచూ మరిచిపోతాయి. ఇవాళ్టి ఉత్తరాంధ్రలో కొంత భాగం ప్రాచీన కళింగదే. అంటే ఒప్పుకోలు విన్న నేలా, దాన్ని విననివ్వని నేలా రెండూ ఇప్పుడు ఒకే రాష్ట్రంలో ఉన్నాయి.

మన పాఠ్యపుస్తకాల్లో కళింగ యుద్ధం తర్వాత అశోకుడు పశ్చాత్తాపపడ్డాడని ఒక వాక్యం ఉంటుంది. అది సరైనదే, తీసేయనక్కర్లేదు. ఆ పశ్చాత్తాపం ఎర్రగుడిలో ఉంది, ధౌలిలో లేదు అని దాని పక్కనే ఇంకొక వాక్యం చేర్చమని పాఠాలు రాసేవారిని కోరుతున్నాను. ఎందుకు లేదో పిల్లలే అడుగుతారు.